పొలిమేర దాటని ఊరు: ఈమ్‌లో నాలుగు రోజులు

2020 ఏప్రిల్‌లో మా ఊరి పొలిమేరలో తుమ్మకంప అడ్డం వేశారు. సూర్యాపేట నుంచి వచ్చే దారికి ఒక కంప, చెరువు కట్ట మీది దారికి ఇంకో కంప. పక్కన ఇద్దరు కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కూర్చున్నారు. బయటివాళ్లు లోపలికి రావద్దు, అంతే. ఆ రోజుల్లో పేపర్లలో పాత అంటురోగాల చరిత్రలు వరసగా వచ్చేవి. అలా ఒక ఇంగ్లండ్ పల్లె గురించి చదివాను. 1666లో ప్లేగు వచ్చినప్పుడు వాళ్లు కూడా దారులు మూసుకున్నారు. రోగం లోపలికి రాకుండా కాదు, తమ రోగం పక్క ఊళ్లకు పోకుండా.

ఆ ఒక్క తేడా నా మనసులో ఉండిపోయింది. మరుసటి ఏడాది మే నెలలో మా పెద్దనాన్న కోవిడ్‌తో పోయాక ఇంకా గట్టిగా నాటుకుంది. అందుకే షెఫీల్డ్‌లో చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను అడిగింది ఒకటే: నన్ను ఆ ఊరికి తీసుకెళ్లమ్మా అని.

మొదటి రోజు, శుక్రవారం

షెఫీల్డ్ నుంచి బస్సు ఎక్కాం. ఊరు దాటి పావుగంట అయిందో లేదో, ఇళ్లన్నీ వెనక్కి పోయి కొండలు మొదలయ్యాయి. ఆగస్టు చివరి వారం కదా, కొండల మీద హెదర్ పొదలన్నీ ఊదారంగులో పూసి ఉన్నాయి. సున్నం, సిమెంటు లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టిన గోడలు పొలాలకు గట్లలాగా కొండ చుట్టూ పాకుతున్నాయి. ఇదంతా పీక్ డిస్ట్రిక్ట్. 1951లో బ్రిటన్‌లో ఏర్పడిన మొట్టమొదటి నేషనల్ పార్కు ఇదే.

ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో చూస్తే 'ఇయామ్' అనాలనిపిస్తుంది. నేను అలాగే అంటే డ్రైవర్ నవ్వి, 'ఈమ్' అని సరిచేశాడు. దిగాక ఊరు చూడడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక పొడవాటి వీధి, బూడిదరంగు రాతి ఇళ్లు, ప్రతి గుమ్మం దగ్గరా గులాబీలు. వీధి పక్కన రాతి తొట్లు కనిపించాయి. కొండ ఊటల నీళ్లను గొట్టాలతో ఊళ్లోకి తెచ్చి ఈ తొట్లలో పట్టుకునేవారు. 1588 నుంచీ ఉన్న ఏర్పాటు అని అక్కడివాళ్లు గర్వంగా చెప్తారు. ఒకప్పుడు ఈ ఊరికి బతుకుతెరువు సీసం గనులు. పచ్చికలో ఒకచోట నేరస్తుల కాళ్లు బిగించే కొయ్య ఇంకా ఉంది. గనుల తగువులు తీర్చే కోర్టు తప్పు చేసినవాళ్లను అందులో కూర్చోబెట్టేదట.

సాయంత్రం చర్చి పక్కన ఉన్న ఇళ్ల దగ్గరికి నడిచాం. వీటిని ప్లేగు కాటేజీలంటారు. ముందు ఆకుపచ్చ బోర్డులు పెట్టారు. లోపల మామూలుగానే మనుషులు కాపురముంటున్నారు, కిటికీలో దీపం వెలుగుతోంది. మొదటి ఇంటి బోర్డు దగ్గరే నేను ఆగిపోయాను.

1665లో ఆ ఇంట్లో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఉండేవాడు. ఆ ఏడాది లండన్‌ను ప్లేగు తినేస్తోంది. ఆ లండన్ నుంచే అతనికి ఒక బట్టల మూట వచ్చింది. పనివాడు జార్జ్ వికర్స్ మూట విప్పి చూస్తే బట్టలు తడిగా ఉన్నాయి, ఆరడానికి మంట ముందు వేలాడదీశాడు. బట్టల్లో ఉన్న ఫ్లీలు, అంటే ఎలుకల మీద బతికే రక్తం తాగే చిన్న పురుగులు, వెచ్చదనానికి లేచాయి. సెప్టెంబర్ 7న జార్జ్ వికర్స్ చనిపోయాడు. 22న ఆ ఇంటి పిల్లవాడు ఎడ్వర్డ్ కూపర్ పోయాడు, వాడికి నాలుగేళ్లు. అక్టోబర్ 2న వాడి అన్న జొనాథన్, పన్నెండేళ్లవాడు. మరుసటి ఆగస్టులో దర్జీ కూడా. దర్జీ భార్య, ఆ పిల్లల తల్లి మేరీ ఒక్కతే మిగిలింది. బంధువులతో కలిపి తనవాళ్లు 13 మంది పోయారని బోర్డు మీద రాసి ఉంది.

కొత్త బట్టలు వచ్చాయంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ముట్టుకుని చూస్తారు కదా. ఆ పిల్లలూ అలాగే చేరి ఉంటారు. నాకు ఆ రాత్రి తిండి సహించలేదు.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే మ్యూజియానికి వెళ్లాం. 1994లో తెరిచిన చిన్న మ్యూజియం. కప్పు మీద గాలి వాటం చూపించే రేకు ఎలుక ఆకారంలో ఉంది. లోపల కథంతా వరసగా చెప్తారు. ఎలుక మీది ఫ్లీ కుట్టడం, చంకల్లో గజ్జల్లో బిళ్లలు కట్టడం, జ్వరం, కొద్ది రోజుల్లో ప్రాణం పోవడం. మన పెద్దవాళ్లు ప్లేగు బిళ్ల అనేవారే, అదే ఇది. ఈమ్ చర్చి రిజిస్టర్‌లో ప్రతి చావుకూ తేదీ ఉండడంతో ఇప్పటికీ శాస్త్రవేత్తలు ఆ లెక్కలు తిరగేస్తున్నారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఇక్కడ నాలుగింట మూడు వంతుల దాకా రోగం మనిషి నుంచి మనిషికే పాకింది. అంటే ఒకే ఇంట్లో ఒకరికి ఒకరు సేవ చేసుకుంటూ పోయారన్నమాట.

చలికాలంలో రోగం కొంచెం నెమ్మదించింది. 1666 ఎండాకాలం రాగానే మళ్లీ విజృంభించింది. జూన్‌లో జనం ఊరు వదిలి పోదామని చూస్తున్నప్పుడు ఇద్దరు మనుషులు అడ్డం నిలబడ్డారు. ఒకరు చర్చి రెక్టర్, అంటే ఆ చర్చి బాధ్యత చూసే మతగురువు, విలియమ్ మాంపెసన్, ఊరికి కొత్త, ముప్ఫై ఏళ్లు కూడా లేని కుర్రవాడు. రెండోవారు థామస్ స్టాన్లీ. అంతకుముందు అదే చర్చిలో ఫాదర్‌గా ఉండి, 1662లో మత చట్టాలకు తలొగ్గక పదవి పోగొట్టుకున్న ప్యూరిటన్. ఊరివాళ్లకు గురి స్టాన్లీ మీద, అధికారం మాంపెసన్ చేతిలో. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరం లేని ఇద్దరు. ఆ ఇద్దరూ కలిసి ఊరికి మూడు మాటలు చెప్పారు. ఎవరూ ఊరి హద్దు దాటొద్దు. చర్చి మూసేసి ప్రార్థన ఆరుబయట చేసుకుందాం. ఎవరింట్లో చనిపోయినవాళ్లను ఆ ఇంటివాళ్లే, తమ దొడ్లోనో పొలంలోనో పాతిపెట్టుకోవాలి.

ఊరు ఒప్పుకుంది. డబ్బున్న కొన్ని కుటుంబాలు అప్పటికే వెళ్లిపోయాయి. మాంపెసన్ కూడా తన ఇద్దరు పిల్లల్ని ముందే యార్క్‌షైర్ పంపించేశాడు. దీన్ని పట్టుకుని ఆయన్ని తప్పుపట్టేవాళ్లున్నారు, అంతా ఇష్టపూర్వకంగా జరిగిందా అని అడిగే చరిత్రకారులూ ఉన్నారు. పేదవాడికి పోవడానికి ఇంకో ఊరు ఎక్కడుంది అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ నా కళ్లారా చూశాను, 2020లో చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు కూడా వందల మైళ్లు నడిచి పోయారు. కాళ్లున్నవాడు పోదామనుకుంటే పోగలడు. ఇక్కడ చాలామంది ఆగారు. అది నాకు చిన్న విషయంగా కనిపించదు.

మధ్యాహ్నం సెయింట్ లారెన్స్ చర్చి. ఆవరణలో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ నిలబడి ఉంది, చుట్టూ తీగల చెక్కడం. గోడ మీద 1775 నాటి నీడ గడియారం, దాని పలక నిండా దూరదేశాల ఊళ్ల పేర్లు. లోపల ప్లేగులో పోయినవాళ్ల పేర్లు వరసగా రాసిన పుస్తకం ఉంది. జులైలో 56 మంది, ఒక్క ఆగస్టులో 78 మంది. మొత్తం 260. పాత పుస్తకాలు ఊళ్లో 350 మంది ఉంటే 83 మందే మిగిలారని రాశాయి. రికార్డులు వెతికి చూసిన తర్వాతివాళ్లు జనాభా 700 దాకా ఉండేదంటున్నారు. ఏ లెక్క పట్టుకున్నా ఏడుపు లేని ఇల్లు ఉండి ఉండదు.

బయట క్యాథరిన్ మాంపెసన్ సమాధి ఉంది. పిల్లలతో వెళ్లిపొమ్మని భర్త ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. ఆయనతోనే ఉండి ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసింది. 1666 ఆగస్టు 25న పోయింది.

చర్చి వెనకవైపు మా అమ్మాయి "అమ్మా, ఇటు రా" అని కేకేసింది. అది హ్యారీ బాగ్‌షా అనే క్రికెటర్ సమాధి. డెర్బీషైర్ తరఫున ఆడి, తర్వాత అంపైర్‌గా చేసి 1927లో పోయాడు. రాయి మీద బంతి తగిలి వికెట్లు పడిపోతున్నట్టు, పైన అంపైర్ వేలు ఆకాశం వైపు ఎత్తినట్టు చెక్కారు. ఔట్, పైకి వెళ్లు అని. అంతసేపు బిగబట్టుకున్న ఊపిరి అక్కడ వదిలాను.

సాయంత్రం రైలీ సమాధుల దగ్గరికి. ఊరికి తూర్పున అర మైలు దూరం, ఎత్తు ఎక్కాలి. గొర్రెలు మేస్తున్న పొలం మధ్యలో గుండ్రటి రాతి గోడ, మన దొడ్డిలో పశువుల పాక అంత కూడా ఉండదు. లోపల ఆరు చిన్న రాళ్లు, మధ్యలో బల్లలాంటి సమాధి ఒకటి. మధ్యది తండ్రి జాన్ హాన్‌కాక్‌ది. చుట్టూ ఉన్నవి పిల్లలవి. ఆగస్టు 3 నుంచి 10 దాకా, ఎనిమిది రోజుల్లో ఏడుగురు పోయారు. ఏడు గోతులూ తవ్వింది తల్లి ఎలిజబెత్. శవం కాళ్లకు గుడ్డ కట్టి ఒక్కతే లాక్కుంటూ వచ్చి పూడ్చేదని, దూరంగా పక్క ఊరు స్టోనీ మిడిల్‌టన్ కొండ మీద నుంచి జనం చూసి కూడా రాలేకపోయారని చెప్తారు.

మా పెద్దనాన్నను కాటికి తీసుకుపోయిన రోజు పాడె మోయడానికి నలుగురు రాలేదు. ఊరి నిండా చుట్టాలే. మా అన్నయ్యలిద్దరే పీపీఈ కిట్లు వేసుకుని, ట్రాక్టర్‌లో తీసుకెళ్లి పని కానిచ్చారు. పెద్దమ్మ గడప దాకా వచ్చి ఆగిపోయింది. నలుగురు రాలేదే అన్న బాధ ఆమెకు ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఈ తల్లికి నలుగురు కాదు కదా, రెండో మనిషి కూడా లేదు.

చిన్న రాళ్లలో ఒకదాని మీద పేరు చదువుదామని వంగాను. అక్షరాల్లో నాచు పట్టి ఉంది. వేలితో తడిమితే ఆలిస్ అని తెలిసింది. రాయి పగటి ఎండకు ఇంకా గోరువెచ్చగా ఉంది. తర్వాత ఎలిజబెత్, బతికి ఉన్న ఒక కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందట. రోగం రాకముందే, పని నేర్చుకోవడానికని ఊరు వదిలిన కొడుకు. అతను ఉన్నది షెఫీల్డ్‌లో. మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది.

మూడో రోజు, ఆదివారం

ఆగస్టు చివరి ఆదివారాన్ని ఈమ్‌లో ప్లేగు సండే అంటారు. ప్లేగు వచ్చిన 200 ఏళ్లకు, 1866లో మొదలైన ఆచారం. ఊరంతా నడిచి కక్లెట్ డెల్ఫ్ అనే లోయకు వెళ్తుంది. మేమూ వెనకే నడిచాం. పైనుంచి చూస్తే పచ్చటి గిన్నెలా ఉంటుంది. ఒకవైపు సున్నపురాతి బండ, దానికి సహజంగా ఏర్పడిన వంపులు. చర్చి మూసేశాక మాంపెసన్ ఈ బండ మీద నిలబడే ప్రార్థన చెప్పేవాడు. జనం ఒక్కో కుటుంబంగా ఎడంగా నిలబడేవారు. ఆరడుగుల దూరం అని మనకు నేర్పడానికి 350 ఏళ్ల ముందు.

వానజల్లు పడింది. ఎవరూ లేవలేదు. గొడుగులు విప్పుకుని కూర్చునే పాట పాడారు. ఆ పాట భాష నాకు సగమే అర్థమైంది, కానీ పక్కనున్న ముసలావిడ గొంతు వణకడం అర్థమైంది. మీ పూర్వీకులు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, తల ఊపి రెండు వేళ్లు చూపించింది.

రోగాన్ని ఇలా ఏటా తలుచుకోవడం మనకు కొత్త కాదు. 1813లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మహమ్మారి చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న మనవాళ్లు మహంకాళికి మొక్కుకున్నారని, లష్కర్ బోనాలు అలా మొదలయ్యాయని చెప్తారు కదా. తల మీద బోనం ఎత్తుకున్న ఆడవాళ్లకు, వానలో పాట ఆపని ఈ మనుషులకు మధ్య ఏదో చుట్టరికం ఉన్నట్టు అనిపించింది నాకు.

తిరిగి వచ్చేసరికి క్యాథరిన్ సమాధి మీద ఎర్ర గులాబీలు పెట్టి ఉన్నాయి.

ఇదే వారంలో ఊటబావులను అలంకరించే పండుగ కూడా ఉంటుంది. డెర్బీషైర్ పల్లెల్లో పాత ఆచారం. కొయ్య పలకలను నీళ్లలో బాగా నానబెట్టి, వాటి మీద ఉప్పు కలిపిన మెత్తటి బంకమట్టి పరుస్తారు. ఆ మట్టిలో పూరేకులు, నాచు, గింజలు, ఆకులు ఒక్కొక్కటే అదిమి బొమ్మ తయారుచేస్తారు. దగ్గరగా వెళ్లి చూశాను. నీలి ఆకాశం మొత్తం హైడ్రేంజియా రేకులే. కింది వరస ముందు అదిమి, దాని అంచు మీదికి పై వరస వచ్చేలా, అచ్చం పెంకులు కప్పినట్టు పేర్చారు. ఎందుకంటే వాన నీళ్లు లోపలికి దిగకుండా జారిపోవాలి. నా కళ్ల ముందే ఒక చినుకు పై రేకు మీద పడి, మెట్టుమెట్టుగా దిగి, అంచు దగ్గర రాలిపోయింది. తంగేడు, గునుగు వరసలు పేర్చిన చేతులకు ఆ పనితనం ఇట్టే తెలుస్తుంది. వారం ఉంటుంది, తర్వాత వాడిపోతుంది. బతుకమ్మ అయితే మనం నీళ్లలో వదులుతాం, వీళ్లు నీళ్ల దగ్గరికి పూలు తెస్తారు.

రాత్రి మా గది యజమానురాలు టీ ఇచ్చి కూర్చున్నారు. మాంపెసన్ తర్వాత ఏమయ్యాడని అడిగాను. 1666 నవంబర్ 1తో ప్లేగు చావులు ఆగిపోయాయి. నవంబర్ 20న ఆయన రాసిన ఉత్తరంలో 76 కుటుంబాలకు రోగం సోకిందని, 259 మంది పోయారని, తన ఊరు గొల్గొతా అయిపోయిందని రాశాడు. ఏసును శిలువ వేసిన పుర్రెల దిబ్బ పేరు అది. కొన్నేళ్లకు నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్ అనే ఊరికి బదిలీ అయ్యాడు. ప్లేగు ఊరి నుంచి వచ్చాడని అక్కడివాళ్లు మొదట ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయట గుడిసెలో ఉంటూ, ఒక చెట్టు కింద నిలబడి ప్రసంగం చెప్పుకున్నాడు. కోవిడ్ వార్డులో డ్యూటీ చేసొచ్చిన నర్సులను అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్న రోజులు మనకు గుర్తే. థామస్ స్టాన్లీ 1670లో ఇక్కడే పోయాడు.

నాలుగో రోజు, సోమవారం

పొద్దున కొండ మీదున్న మాంపెసన్ బావి చూశాం. బావి అంటారు గానీ, రాతి పలకలు కప్పిన చిన్న ఊట. బయటి ఊళ్లవాళ్లు తిండిగింజలు, మందులు ఇక్కడ పెట్టి వెళ్లిపోయేవారు. ఈమ్ మనుషులు తర్వాత వచ్చి తీసుకుని, డబ్బులు నీళ్లలో వదిలేవారు. చాట్స్‌వర్త్ జమీందారు డెవన్‌షైర్ ఎర్ల్ కూడా సరుకులు పంపేవాడు. గాలి చలిగా ఉండి ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

నేను అసలు చూడాలనుకున్నది ఆఖరికి దాచుకున్నాను. సంచులు భుజాన వేసుకుని లిడ్‌గేట్ వీధిలోంచి కిందికి దిగాం. ఇళ్ల మధ్యలోనే తండ్రీ కూతుళ్ల ప్లేగు సమాధులు రెండు ఉన్నాయి. అవి దాటితే పొలాల మధ్య కాలిబాట. అర మైలు నడిచాక గడ్డిలో ఒక బండ. అదే హద్దు రాయి. ఈమ్‌కూ స్టోనీ మిడిల్‌టన్‌కూ పొలిమేర.

బోర్డు లేకపోతే దాని మీద కూర్చుని అన్నం తినేసి వెళ్లిపోతాం, అంత మామూలు రాయి. పైభాగంలో ఆరు గుంటలు తొలిచారు. ఆ గుంటల్లో వెనిగర్ పోసి, ఈమ్ మనుషులు అందులో నాణేలు వేసేవారు. వెనిగర్‌లో పడితే రోగం చస్తుందని నమ్మకం. అటువైపువాళ్లు వచ్చి రొట్టెలు, మాంసం పెట్టి, నాణేలు ఏరుకుని వెళ్లేవారు. ఒక గుంటలో వేలు పెట్టి చూశాను. రెండో కణుపు దాకా దిగింది. అంచు సబ్బులా నున్నగా అరిగిపోయి ఉంది, అడుగున రాత్రి వాన నీళ్లు, రెండు పెన్నీలు.

కాపలా పెద్దగా ఉండేది కాదు. కంపలు లేవు. అటు నాలుగు అడుగులు వేస్తే దాటేయొచ్చు. స్టోనీ మిడిల్‌టన్ కప్పులు ఇక్కడికే కనిపిస్తున్నాయి. ఎమట్ సిడాల్ అనే ఈమ్ పిల్ల, ఆ ఊరి రౌలండ్ టోర్ అనే అబ్బాయి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. రోగం వచ్చాక దూరం నుంచి ఒకరినొకరు చూసుకుని వెళ్లిపోయేవారట. 1666 ఏప్రిల్ చివర్లో ఆ పిల్ల పోయింది. ఊరి దారులు తెరిచాక అతను వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ సంగతి తెలియదంటారు. చర్చి రంగు అద్దాల కిటికీలో వాళ్లిద్దరూ ఉన్నారు.

అక్కడే కూర్చుని పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఇక్కడ పొద్దున పదిన్నర, అక్కడ మూడు గంటలు. రాయిని వీడియోలో చూపించాను.

"మన బొడ్రాయి లాంటిదా బిడ్డా?" అంది.

"అలాంటిదే పెద్దమ్మా. కానీ దీనికి పసుపు కుంకుమ పెట్టరు. ఆ గుంటల్లో చిల్లర వేస్తారు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాను. ఏడుగురిని పూడ్చిన తల్లి సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"మీ పెద్దనాన్న పేరు మీద ఒక రూపాయి వెయ్యి" అంది.

పర్సు అడుగున వెతికితే మన రూపాయి బిళ్ల దొరికింది. పెన్నీలున్న గుంటలోనే వేశాను. నీళ్లలో చిన్న చప్పుడైంది. పెద్దమ్మ అది విన్నానంది.